హాస్యం, వ్యంగ్యం, అధిక్షేపం: నవ్వించేవాళ్లందరికీ ఒకే పేరు సరిపోదు

రావిశాస్త్రి, ముళ్లపూడి, మునిమాణిక్యం, పతంజలి. నలుగురూ నవ్వించారు కాబట్టి నలుగురినీ కలిపి 'హాస్య రచయితలు' అనేయడం మనకు బాగా అలవాటైపోయింది. పుస్తకాల షాపులో ఒకే అరలో పెడతాం, సభల్లో ఒకే గంటలో నలుగురి గురించీ మాట్లాడేస్తాం, శీర్షిక కావాల్సి వస్తే 'హాస్య వ్యంగ్య రచనలు' అని రెండు మాటలూ అతికించేస్తాం. మునిమాణిక్యం కాంతం కథ చదివి నవ్వినవాళ్లు పుస్తకం మూసి హాయిగా పనిలో పడతారు. రావిశాస్త్రి సారా కథ చదివి నవ్వినవాళ్లకు కాసేపటికి ఆ నవ్వే గొంతులో అడ్డం పడుతుంది. మునిమాణిక్యం, రావిశాస్త్రి చేసిన పని ఒకటి కాదు.

పేరులో ఏముందిలే అని వదిలేయడానికి లేదు. ఒక రచనను ఎలా చదవాలో దానికి తగిలించిన పేరును బట్టే ముందుగా అనుకుంటాం. వ్యంగ్య రచయితను పట్టుకుని హాస్య రచయిత అన్నామంటే, ఆయన ఎవరిని నిలదీశాడన్న సంగతి పక్కకు పోయి, ఎంత బాగా నవ్వించాడన్నదే మిగులుతుంది. ఇటువైపు చూస్తే, ఎవరి యాసనో ఒంటి రంగునో పట్టుకుని ఏడిపించినవాడు 'సెటైర్ వేశాను' అంటే సరేలే అని ఒప్పుకుంటున్నాం. ఈ రెండు అన్యాయాలూ ఒక్క గందరగోళంలోంచే పుట్టాయి. తెలుగులో మాటలకు కరువేమీ లేదు, ఏ మాట ఏ పనికి పుట్టిందో మరిచిపోయాం.

వ్యంగ్యం అనే మాటతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ముడి అక్కడే పడింది. అలంకారశాస్త్రంలో ఈ మాటకూ ఎగతాళికీ ఏ సంబంధమూ లేదు. మాట వినగానే నేరుగా తోచే అర్థం వాచ్యం. ఆ అర్థం కుదరనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మరో అర్థం తీసుకుంటే అది లక్ష్యం. ఈ రెండింటినీ దాటి వినేవాళ్ల మనసులో మెరిసేది వ్యంగ్యం. 9వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో కావ్యానికి ఆత్మ ధ్వని అని చెప్పినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది ఈ మెరుపే. దీనికి శాస్త్రం చదువుకునేవాళ్లు చెప్పుకునే పాత ఉదాహరణ ఒకటుంది: 'సూర్యుడు అస్తమించాడు'. ఆ మాట విన్న పంతులుగారికి సంధ్యావందనం వేళైందని అర్థమవుతుంది. పశువుల కాపరికి మందను ఇంటికి తోలాలని, దొంగకు బయల్దేరాలని అర్థమవుతుంది. మాట్లాడినవాడు వీటిలో ఒక్కటీ నోటితో అనలేదు. ఈ లెక్కన ప్రేమలేఖలో వ్యంగ్యం ఉండొచ్చు, మరణవార్తలోనూ ఉండొచ్చు.

ఆధునిక కాలంలో ఇంగ్లీషు చదువుల వెంట సెటైర్ అనే ప్రక్రియ వచ్చినప్పుడు దానికి తెలుగులో ఈ పాత మాటను వాడుకున్నాం. ఆ ఎంపికలో కొంత న్యాయం ఉంది. సెటైర్ రాసేవాళ్లు పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి తోపింపజేస్తారు కదా. అయితే వ్యంగ్యం అనేది ఎలా చెప్పారన్న దానికి మాత్రమే జవాబు. ఎవరి మీద, ఎందుకు అన్నది ఆ మాటలో లేదు. ఆ సంగతి చెప్పే మాట మనకు వేరే ఉంది, అధిక్షేపం. తప్పు చేసినవాణ్ని, ముఖ్యంగా పెత్తనం చేతిలో ఉన్నవాణ్ని, పదిమందిలో నిలబెట్టి అడగడం అధిక్షేపం. ఇక హాస్యం అనేది వినేవాళ్లలో కలిగే ఫలితం పేరు, నవరసాల్లో ఒకటి. భరతుడు నాట్యశాస్త్రంలో ఆ నవ్వునే స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు మెట్లుగా విడదీశాడు. పెదవి కొస మీద మొదలై ఒళ్లంతా కదిలిపోయే దాకా.

అంటే హాస్యం ఫలితం, వ్యంగ్యం పద్ధతి, అధిక్షేపం ఉద్దేశం. మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఈ మూడూ ఒకేచోట కలిస్తే మనం ఇప్పుడు సెటైర్ అంటున్నది పుడుతుంది. అన్నిసార్లూ కలవవు. వీటిలో ఏది ఉంది, ఏది లేదు అని చూసుకుంటే ఏ రచయితను ఏమని పిలవాలో చాలావరకు తేలిపోతుంది.

చాటుకవి, తిట్టుకవి, అధిక్షేప కవి

శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు ఒకటి చూడండి. పలనాడులో దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంటే నీళ్లు దొరక్క చెప్పాడంటారు.

సిరిగలవానికి చెల్లును
తరుణులు పదియారువేలు తగ పెండ్లాడన్
తిరిపెమునకిద్దరాండ్రా
పరమేశా గంగ విడుము పార్వతి చాలున్

డబ్బున్న కృష్ణుడికి పదహారువేల మంది భార్యలున్నా చెల్లుతుంది, బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరెందుకయ్యా, పార్వతి చాలుగానీ గంగను వదిలిపెట్టు అంటున్నాడు. పైకి చూస్తే శివుణ్ని దెప్పిపొడవడం. లోపల ఉన్నది 'కాసిని నీళ్లు ఇవ్వు స్వామీ' అనే వేడికోలు. పద్యంలో నీళ్లు అనే మాట లేదు, దాహం అనే మాట అసలే లేదు. ఆనందవర్ధనుడు చెప్పిన అర్థంలో ఇది అచ్చమైన వ్యంగ్యం. హాస్యం నిండుగా ఉంది. అధిక్షేపం మాత్రం లేదు, ఎందుకంటే శివుడి మీద కవికి నిజంగా ఏ ఫిర్యాదూ లేదు. ఇలా సందర్భానికి తగినట్టు అప్పటికప్పుడు పుట్టి, కావ్యంలో చేరకుండా జనం నోళ్లలో బతికే పద్యం చాటువు. చెప్పేవాడు చాటుకవి. వేటూరి ప్రభాకరశాస్త్రి ఊరూరా నోళ్లలో ఉన్నవాటిని పోగుచేసి 'చాటుపద్య మణిమంజరి'గా అచ్చు వేయించకపోతే వీటిలో ఎన్ని మనదాకా వచ్చేవో.

చాటుకవికి పూర్తిగా ఎదురు దిక్కున తిట్టుకవి ఉంటాడు. వేములవాడ భీమకవి తిడితే జరిగి తీరేదని, దీవిస్తే ఫలించేదని కథలు. ఆ కథల్లో నిజమెంతన్నది అలా ఉంచి, తిట్టుకవిత్వం దాపరికం లేకుండా నేరుగా దెబ్బ కొడుతుంది. అందులో ఉద్దేశం ఉంది, పద్ధతి లేదు. నవ్వు వస్తే వస్తుంది, రాకపోయినా తిట్టుకు లోటు లేదు.

అధిక్షేప కవి ఈ ఇద్దరికీ నడుమ నిలబడతాడు. తెలుగులో ఈ దారి శతకాల్లో బాగా పెరిగింది. రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయం అని ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుడితో చెప్పుకున్నాడు. ఆయన శ్రీకృష్ణదేవరాయల కొలువులో కవి అని తలుచుకుని చదివితే ఆ మాట బరువు తెలుస్తుంది. వేమన రాజుల్నే కాదు, పూజలు చేసేవాళ్లనూ యాత్రలు చేసేవాళ్లనూ కూడా వదల్లేదు. ఇక 18వ శతాబ్దపు కూచిమంచి జగ్గకవిది చిత్రమైన సంగతి. ఒక జమీందారు తన భోగపుసాని చంద్రరేఖ మీద కావ్యం రాయమన్నాడు, రాసి తీసుకువెళితే తిరస్కరించాడు. దాంతో జగ్గకవి అదే చంద్రరేఖనూ అదే జమీందారునూ నాయికా నాయకుల్ని చేసి 'చంద్రరేఖా విలాపం' రాశాడు. ప్రబంధానికి ఉండే అంగాలన్నీ అందులో ఉంటాయి, ప్రతిదీ తలకిందులుగా. తెలుగులో తొలి అధిక్షేప కావ్యంగా దాన్ని చెబుతారు. దాని నిండా బూతు ఉంది. కావ్యం పొడవునా ఒక స్త్రీని అవమానిస్తుంది కూడా. జమీందారు చేసిన పనికి చంద్రరేఖ ఎందుకు మాటలు పడాలి? అధిక్షేపం అన్న పేరున్నంత మాత్రాన ప్రతి దెబ్బా తగలాల్సినవాడికే తగిలిందని అనుకోకూడదు, ఇంత పాత కావ్యంలోనైనా సరే.

నిందాస్తుతి ఇంకో దారి. కృష్ణా తీరాన శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర విష్ణువు మీద కాసుల పురుషోత్తమ కవి చెప్పిన 'ఆంధ్రనాయక శతకం' దీనికి పేరుమోసింది. దేవుణ్ని తిడుతున్నట్టే ఉంటుంది, చివరికి చూస్తే పొగడ్త. గోగులపాటి కూర్మనాథ కవి 'సింహాద్రి నారసింహ శతకం'లో తిట్లు ఇంకా గట్టిగా ఉంటాయి. ఊళ్ల మీద సైన్యాలు పడి దోచుకుంటుంటే చూస్తూ కూర్చున్నావేమయ్యా అని స్వామిని నిలదీస్తాడు. ఆ పద్యాలు చదువుతుంటే, రక్షించాల్సిన పాలకులు ఏమయ్యారన్న ప్రశ్న కూడా వెంటే వినిపిస్తుంది. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని రాజును అడగడం మన కవులకు తెలిసిన విద్యే.

అచ్చు రాకముందు ఆడి చూపినవాళ్లు

రచయితలనగానే కాగితం మీద రాసేవాళ్లే గుర్తొస్తారు గానీ, మన దగ్గర ఈ పని ఎక్కువగా చేసింది ఆటగాళ్లు. 16వ శతాబ్దం మొదట్లో జరిగినట్టు మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ ఊరి చరిత్ర రాసిపెట్టిన పాత పత్రం, చెప్పే ఉదంతం ఉంది. సిద్ధవటం ప్రాంతాన్ని ఏలుతున్న సమ్మెట గురవరాజు ఆడవాళ్లను హింసలు పెట్టి మరీ డబ్బు వసూలు చేసేవాడు. అటుగా వచ్చిన కూచిపూడి భాగవతులు అది తెలుసుకున్నారు. విజయనగరం వెళ్లి వీర నరసింహరాయల ఎదుట ప్రదర్శన ఇచ్చే అవకాశం రాగానే ఒకడు గురవరాజు వేషం, ఇంకొకడు అతని భటుడి వేషం, మరొకడు ఆడవేషం కట్టి ఆ హింసను ఉన్నదున్నట్టు ఆడి చూపించారు. రాయలకు సంగతి అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టి తెప్పించి చంపించాడు. ఇందులో నవ్వు ఎంత ఉందో కైఫీయతు చెప్పదు. అధిక్షేపం మాత్రం నిలువెల్లా ఉంది. ఒక్క ఆరోపణ కూడా నోటితో చేయకుండా, చూసేవాడికే తోచేట్టు చూపడం ఉంది.

బుర్రకథ దగ్గరకొస్తే నాకు ముచ్చటేస్తుంది. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిని హాస్యపు వంత అంటారు, ఇంకొకరిని రాజకీయపు వంత అంటారు. పల్నాటి యుద్ధం కథ నడుస్తుండగా రాజకీయపు వంత దాన్ని ఇవాళ్టి కరువుకో ఎన్నికలకో తెచ్చి ముడిపెడతాడు. హాస్యపు వంత ఆ బిగువును సడలించి జనాన్ని నవ్విస్తాడు. 1940లలో షేక్ నాజర్ లాంటివాళ్ల చేతిలో ఈ కళ జనాన్ని కదిలించిందంటే ఈ పని పంపకానికి అందులో పెద్ద వాటా ఉంది. నవ్వించడం ఒక పని, నిలదీయడం ఇంకో పని అని, రెండింటికీ వేరే మనుషులు కావాలని పల్లెటూరి కళాకారులకు తెలుసు. సాహిత్య సభల్లో మనం రెండింటినీ కలిపేశాం.

తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ తెర దిగగానే కేతిగాడు, బంగారక్క వస్తారు. వాళ్లది మోటు హాస్యం. ఆ మోటుతనం చాటున ఊరి సంగతులు కూడా దొర్లిపోతాయి. తెలంగాణలో పిట్టలదొర ఖాకీ కోటు, టోపీ, చెక్క తుపాకి పెట్టుకుని వాకిట్లోకి వచ్చి తన జాగీరు ఎంతో, తన బలగం ఎంతో కోతలు కోస్తాడు. పూట గడవనివాడు దొర వేషం కట్టి దొరల గొప్పలన్నీ అప్పజెబుతుంటే జనం నవ్వేది అతన్ని చూసి కాదు, ఆ వేషానికి అసలు యజమానులను తలుచుకుని. లత్కోర్ సాబ్ అని, తుపాకి రాముడు అని పిలిచే ఈ కళాకారుణ్ని నేనైతే వ్యంగ్యకారుల జాబితాలోనే రాస్తాను. కబుర్లపోగు అనే అర్థంలో ఇప్పుడు ఆ పేర్లను వాడేస్తుంటే బాధగా ఉంటుంది.

విదూషకుడు, వికటకవి అనే మాటలు రెండూ దగ్గరివే అనిపిస్తాయి గానీ ఒకటి కావు. విదూషకుడు సంస్కృత నాటకంలో పాత్ర. రాజుకు స్నేహితుడు, తిండిపోతు, బ్రాహ్మణుడైనా ప్రాకృతంలో మాట్లాడతాడు. రాజును చనువుగా దెప్పే హక్కు అతనికొక్కడికే ఉంటుంది, దాంతో రాజుకు జరిగే నష్టం ఏమీ ఉండదు. వికటకవి నాటకం బయటి మనిషికి పెట్టిన పేరు. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఈ మాట తెనాలి రామలింగడికి ఎంత అతుక్కుపోయిందంటే, 'పాండురంగ మాహాత్మ్యం' లాంటి గంభీరమైన కావ్యం రాసిన తెనాలి రామకృష్ణుడు దాని వెనక కనపడకుండా పోయాడు. నవ్వించినవాడు అని ముద్ర పడితే మిగతా పని మొత్తం చెరిగిపోతుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి కూడా తేలిగ్గా తీసిపారేసే మనిషి కాదు. అవధాని ధారణ చెదరగొట్టడం అతని బాధ్యత, అందుకు ఆయుధం చమత్కారం. అది సభ కోసం పుట్టిన హాస్యం, ఎవరి మీదా కక్ష లేనిది.

గిరీశం, పార్వతీశం

అచ్చు పత్రికలు వచ్చాక అధిక్షేపానికి కొత్త ఇల్లు దొరికింది. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పెట్టి, దానికి అనుబంధంగా 'హాస్య సంజీవిని' తెచ్చాడు. పేరులో హాస్యం ఉన్నా అందులో నడిచింది అధిక్షేపమే. ముసలివాళ్లు చిన్నపిల్లల్ని కట్టుకోవడం మీద 'బ్రహ్మవివాహం', కోర్టుల్లో ప్లీడర్ల మోసాల మీద 'వ్యవహార ధర్మబోధిని' రాశాడు. నాట్యశాస్త్రం చెప్పిన పది రూపకాల్లో ప్రహసనం ఒకటి. ఆ పాత పేరును తీసుకుని రాజమండ్రి కచేరీ వీధుల్లో నడిపించినవాడు ఆయనే.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదువుతున్న పెంచిన రూపం 1909లో వచ్చింది. మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల వివరాలు తీయిస్తే, మూడేళ్లలో 1,034 తేలాయట. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది వయసువాళ్లు ముగ్గురు. డబ్బిచ్చి చిన్నపిల్లను కట్టుకోజూసే ముసలి లుబ్ధావధాన్లను చూసి నవ్వుతున్నప్పుడు ఈ ముగ్గురు పసిపిల్లలు గుర్తుంటే ఆ నాటకాన్ని ఉత్త కామెడీ అనడానికి నోరు రాదు. వ్యంగ్య రచయిత ఊహల్లోంచి రాయడు. చేతిలో సాక్ష్యం పెట్టుకుని రాస్తాడు.

ఇక్కడే రెండు పాత్రల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. గిరీశం, బారిస్టర్ పార్వతీశం. ఇద్దరూ ఇంగ్లీషు చదువుల గాలి తగిలిన కోస్తా కుర్రాళ్లే. మొక్కపాటి నరసింహశాస్త్రి పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరి ఇంగ్లండు పోతూ, మద్రాసులో తెలియక ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. మనం పగలబడి నవ్వుతాం. నవ్వుతూనే పాపం, క్షేమంగా చేరితే బాగుండును అనుకుంటాం. అతని అమాయకత్వం వల్ల నష్టం ఎవరికైనా ఉందంటే అతనికే. గిరీశం దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆగదు గానీ, ఈ మనిషి చేతికి ఇంకెవరూ చిక్కకూడదు అని లోపల ఒకటి గుబులుగా ఉంటుంది. పూటకూళ్లమ్మ డబ్బు తిన్నాడు, ఒకపక్క మధురవాణితో ఉంటూ ఇంకోపక్క సంస్కరణ కబుర్లు చెప్పాడు, విధవ అయిన బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు. అతని మాటకారితనానికి మూల్యం ఇతరులు కడతారు. పార్వతీశాన్ని పుట్టించినవాడు హాస్య రచయిత. గిరీశాన్ని పుట్టించినవాడు వ్యంగ్య రచయిత. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగతావాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు.

పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలు ఈ రెండింటి నడుమ తిరుగుతుంటాయి. ఇంగ్లండులో 1711లో అడిసన్, స్టీల్ మొదలుపెట్టిన 'స్పెక్టేటర్' నమూనాను తీసుకుని, జంఘాలశాస్త్రి అనే పాత్రను వేదిక ఎక్కించి గంటలకొద్దీ ఉపన్యాసాలు ఇప్పించాడు. కొన్ని వ్యాసాల్లో సంఘాన్ని నిలదీస్తాడు, కొన్నింట్లో మాటల ప్రవాహం మీది ముచ్చటే ఎక్కువ. మునిమాణిక్యం కాంతం కథలు మాత్రం మొదటినుంచి చివరిదాకా హాస్యమే. మొగుడూ పెళ్లాల మధ్య ప్రేమ ఉందని తెలిసే నవ్వుతాం. భమిడిపాటి కామేశ్వరరావును జనం 'హాస్యబ్రహ్మ' అన్నారు, సినిమా రంగంలో జంధ్యాలకూ అదే బిరుదు ఇచ్చారు. ఇద్దరికీ అది చక్కగా సరిపోయింది. నిర్మలంగా నవ్వించడం చిన్న పని కాదు, హాస్య రచయిత అన్నది వ్యంగ్య రచయిత కంటే కిందిమెట్టు పేరేమీ కాదు. ఒకరి పేరు ఇంకొకరికి తగిలించడమే తప్పు.

తెలంగాణలో సురవరం ప్రతాపరెడ్డి 'మొగలాయి కథలు' నిజాం జమానాలోని పాలన తీరును ఎండగట్టాయి. కాళోజీ 'నా గొడవ'లో తన ఎదుట ఉన్న ప్రభుత్వాన్నీ వదల్లేదు, ఓట్లేసిన జనాన్నీ వదల్లేదు. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి కోర్టు బోనులో నిలబడ్డ పేదవాడి వైపు నుంచి చట్టాన్ని చూశాడు. మద్యనిషేధం ఎవరిని పట్టుకుంటుందో, ఎవరిని వదిలేస్తుందో 'ఆరు సారా కథలు' చెబుతాయి. ఆయన తర్వాత పతంజలి 'ఖాకీవనం'లో పోలీసు వ్యవస్థను, 'గోపాత్రుడు'లో మూర్ఖత్వానికి దొరికే మద్దతును పట్టుకున్నాడు. భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్న తగువులో అలమండ ఊరు ఊరంతా పార్టీలుగా చీలిపోతుంది. ఎవడు ఏ పక్షమో తేలడానికి భూగోళంతో పని లేదు, ఎవడి వెనక ఎవడున్నాడన్నదే లెక్క. ఆ నవలిక చదివితే ఇవాళ్టి టీవీ చర్చలు కొత్తగా అర్థమవుతాయి. రావిశాస్త్రికీ పతంజలికీ హాస్యం ఆయుధం మాత్రమే. వాళ్లను హాస్య రచయితలనడం వాళ్లు పడ్డ యాతనను తక్కువ చేయడమే.

పేరడీ కథ వేరు. అక్కడ గురి మనిషి మీద కాదు, ఒక శైలి మీద. శ్రీశ్రీ 'సింధూరం, రక్తచందనం' అంటూ ఎర్రటి వస్తువులన్నీ నవకవనానికి కావాలని పిలుపునిస్తే, జరుక్ శాస్త్రిగా పేరుపడ్డ జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి అదే నడకలో 'మాగాయీ, కందిపచ్చడీ' అని ఎత్తుకున్నాడు. గంట కొట్టినట్టున్న ఆ లయ ఒక్క అక్షరం జారలేదు, లోపలి సరుకు మాత్రం వంటింటిది. అలా చేయాలంటే మూల కవిత నరనరానా ఎక్కి ఉండాలి. ద్వేషంతో పేరడీ రాదు. శ్రీశ్రీని జరుక్ శాస్త్రి కంటే బాగా విన్న విమర్శకులు ఎంతమంది ఉన్నారో చెప్పలేను. ఆ తర్వాత శ్రీరమణ పేరడీలు చదివినా ఇదే తెలుస్తుంది, చెవి బాగున్నవాడే ఈ పని చేయగలడు. 'అనుకరణ కవి' అంటే కాపీ కొట్టినవాడనే అర్థం వస్తుంది కాబట్టి పేరడీకారుడు అనే మాటే నయం. పేరడీ ఎప్పుడో తెలుగైపోయింది. కార్టూనిస్టు కూడా అంతే. తలిశెట్టి రామారావు కాలం నుంచి 'వ్యంగ్య చిత్రకారుడు' అని రాస్తున్నా, బాపు బుడుగు బొమ్మకూ ఈనాడులో శ్రీధర్ 'ఇదీ సంగతి'కీ ఆ ఒక్క పేరు పెడితే మళ్లీ మొదటి చిక్కే వస్తుంది. ఒకటి హాస్యం, ఇంకొకటి అధిక్షేపం.

ఇంట్లో మాటలకు ఉన్న లెక్క

పండితుల మాటలు పక్కన పెట్టి ఇళ్లలో వాడే మాటలు చూస్తే, తేడాలు ఇంకా సూటిగా ఉన్నాయి. పరాచికం ఆడాలంటే వరస కావాలి. బావా మరదళ్ల మధ్య అయితే పరాచికం, అదే మాట వరస కానివాళ్లను అంటే గొడవ. తెలంగాణలో పరాష్కం అన్నా, మజాక్ అన్నా ఇదే చనువు. చురక బాగుపడాలని వేసేది, అందులో కోపం కంటే శ్రద్ధ ఎక్కువ. చెణుకు ఒక్క మాటలో ముగిసిపోవాలి. ఎత్తిపొడుపు పాత తప్పును తవ్వి తీస్తుంది, అందుకే ఇళ్లలో అంత మంట పెడుతుంది. వెటకారం గొంతులో ఉంటుంది, 'ఆహా, మహా బాగా చేశావులే' అని సాగదీసి అన్నప్పుడు మాటలు పొగడ్తే, రాగం తిట్టు. హేళన దగ్గరకొచ్చేసరికి ఎదుటి మనిషి చిన్నబోవాలన్న కోరిక తప్ప ఇంకేం ఉండదు.

గమనిస్తే ఈ మాటలన్నీ నవ్వును కొలవడం లేదు. ఎవరు, ఎవరిని, ఏ హక్కుతో, ఎందుకు అంటున్నారో కొలుస్తున్నాయి. ఈ లెక్క మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సోషల్ మీడియాలోకి రాగానే ఎందుకు వదిలేస్తున్నామో అర్థం కాదు. ఒక అమ్మాయి ఫొటో కింద ఆమె లావు గురించి వందమంది రాస్తే దాన్ని ట్రోలింగ్ అంటున్నాం, రాసినవాళ్లు మాత్రం సెటైర్ అంటారు. అందులో ఏ అధికారమూ ప్రశ్నకు గురికాలేదు, చెప్పీ చెప్పకుండా చెప్పిన అర్థం ఒక్కటీ లేదు. దానికి మన నిఘంటువులో ఉన్న మాట హేళన, అంతే. రోడ్డు గుంతలో వరినాట్లు వేసి ఫొటో పెట్టిన ఊరివాళ్లది అధిక్షేపం. ఇద్దరూ మీమ్ అనే ఒకే చట్రం వాడుకున్నా పనులు వేరు.

సినిమాల్లో ఏళ్ల తరబడి శ్రీకాకుళం యాసను పనివాళ్లకూ, తెలంగాణ యాసను రౌడీలకూ, తెలివితక్కువ పాత్రలకూ ఇచ్చి నవ్వించారు. అందులో జోకు ఆ పాత్ర చేసిన పని మీద లేదు, అది మాట్లాడిన తీరు మీదే ఉంది. హాస్యం పేరుతో నడిచిన ఈ హేళనకు తెలంగాణ ఉద్యమ కాలంలో గట్టి ఎదురుదెబ్బ తగిలింది. ఆ తర్వాత అదే యాసలో 'తీన్మార్ వార్తలు' లాంటి కార్యక్రమాలు వచ్చి, నిన్నటిదాకా ఎవరి మాటను చూసి నవ్వారో ఆ మాటతోనే నాయకులను ప్రశ్నించడం జనం ఇష్టంగా చూశారు. యాస మారలేదు, గురి మారింది.

ఈ పేర్ల గొడవలో ఎక్కువ నష్టపోయింది రచయిత్రులు. హాస్య రచయిత్రి అనే మాట వినపడుతుంది. వ్యంగ్య రచయిత్రి అన్న మాట ఎవరైనా వాడగా విన్నామా? భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు'లో కథ చెప్పేది కోడలు. అత్త అంటే గయ్యాళి అని నాటకాలూ సినిమాలూ ఖరారు చేసిన రోజుల్లో, పట్టింపులూ అమాయకత్వమూ కలిసిన ఒక పెద్దావిడను ఆమె ప్రేమగా నిలబెట్టింది. అది హాస్యమే, ఆ పేరు ఆమెకు తగినదే. పొత్తూరి విజయలక్ష్మి 'ప్రేమలేఖ' కూడా ఆ కోవలోదే, జంధ్యాల దాన్ని 1984లో 'శ్రీవారి ప్రేమలేఖ'గా తీశారు. రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్' సంగతి అలా కాదు. విమల, బుచ్చిబాబు దంపతుల ముచ్చట్లుగా మొదలై, ఇంటి పని ఎవరిది, భర్త మాట ఎందుకు చెల్లాలి, పెళ్లాం ఎందుకు సర్దుకుపోవాలి అని ఒక్కొక్క సంసారపు నియమాన్నీ నవ్వుతూ నవ్విస్తూ పీకి చూపిస్తుంది ఆ నవల. గురజాడ ఊరి పెద్దల్ని అడిగినట్టే ఆమె ఇంటి పెద్దను అడిగింది. కాలక్షేపానికి చదివే సరదా నవలల్లో దాన్ని కలిపేయడం మానేసి, తెలుగు వ్యంగ్య రచన గురించి మాట్లాడే ప్రతిచోటా 'కన్యాశుల్కం' పక్కన, 'గోపాత్రుడు' పక్కన పెట్టి చదవాలి.